నుకు హివా నుంచి బయల్దేరే ముందు

చిట్టితల్లీ,

ఫొటోలు అందాయి. పసిఫిక్‌లో మార్కెసాస్ దీవుల్లోని నుకు హివా కొండల కింద లంగరేసిన మీ తెరచాప పడవని అమ్మ ఫోన్లో పెద్దది చేసుకుని మరీ చూసింది. "ఇంత చిన్నదాంట్లో నలుగురా?" అని ఒకటే టెన్షన్. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వి తారిణి మీద బయల్దేరి, భూమిని చుట్టి 2018 మే నెలలో తిరిగొచ్చిన ఆరుగురు నేవీ ఆడపిల్లల్లో మన విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు కదా అని గుర్తుచేశాను. "వాళ్లు నేవీ వాళ్లండీ, ఎంత ట్రైనింగ్ ఉంటుంది!" అంది. ఆ మాటా నిజమే.

అమ్మ భయమంతా నడిసముద్రం గురించి. నాకు ఆ భయం లేదు. మార్కెసాస్ నుంచి మీరు వెళ్లబోయే టువామోటు దీవులకు సుమారు 500 నాటికల్ మైళ్లు. ఆగ్నేయం గాలి కుదురుగా వీస్తే నాలుగైదు రోజుల దారి. అక్కడ తుఫాన్ల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, అది కూడా దాటిపోయింది. కింద లోతు ఉన్నంతసేపు గట్టి పడవకి పెద్దగా ప్రమాదం ఉండదు. నేల దగ్గరపడ్డప్పుడే అసలు జాగ్రత్త కావాలి. అందుకే ఈ ఉత్తరం.

మార్కెసాస్ దీవులు ఎత్తైన కొండలు కాబట్టి చాలా దూరం నుంచే కనబడతాయి. టువామోటు అలా కాదు. అగ్నిపర్వతం మెల్లగా సముద్రంలోకి కుంగిపోతుంటే దాని అంచున పగడం పైకి పెరుగుతూ వచ్చింది. కొండ మునిగిపోయి పగడపు వలయం ఒక్కటే మిగిలింది, మధ్యలో లగూన్, అంటే ఆ వలయం లోపలి ఉప్పునీటి మడుగు. మన లక్షద్వీప్ దీవులూ ఈ జాతివే. నేల నీటికి రెండు మూడు మీటర్లకు మించి లేవదు. డెక్ మీంచి చూసేవాళ్లకు ముందు కనబడేవి కొబ్బరి తలలే, అవైనా పట్టుమని పది మైళ్ల లోపే. రాత్రిపూట అదీ లేదు. 1768లో అటుగా వెళ్లిన ఫ్రెంచి నావికుడు బుగెన్‌విల్ వీటికి 'ప్రమాదకర ద్వీపసమూహం' అని పేరు పెట్టాడు. 1947లో పెరూ నుంచి కోన్-టికీ తెప్ప మీద బయల్దేరిన ఆరుగురు 101 రోజులు పసిఫిక్‌ని తట్టుకుని, చివరికి ఢీకొన్నది ఇక్కడి రరోయియా దిబ్బనే. మనుషులంతా బతికి బయటపడ్డారు. నేను పనిచేసిన పెద్ద ఓడలు ఈ దీవుల ఛాయలకే వెళ్లేవి కావు. మీరు మాత్రం లోపలికే వెళ్తున్నారు.

లోపలికి దారి వలయంలో ఉన్న గండి. దాన్ని పాస్ అంటారు. దక్షిణం నుంచి వచ్చే పెద్ద అలలు దిబ్బ దాటి లగూన్‌లోకి పడుతూనే ఉంటాయి. ఆ నీళ్లన్నీ చెరువు నిండి అలుగు పారినట్టు ఈ గండిలోంచే బయటికి రావాలి. అందుకే ఆటుపోట్ల పట్టిక 'ఇప్పుడు పోటు, నీళ్లు లోపలికి వెళ్తాయి' అన్నా, అక్కడ ఎదురు ప్రవాహమే ఉండొచ్చు. ముందు రెండు మూడు రోజులు దక్షిణపు అలలు పెద్దగా ఉంటే పట్టికని అసలు నమ్మకండి. కొన్ని గండుల్లో ప్రవాహం ఆరేడు నాట్స్ (గంటకి ఆరేడు నాటికల్ మైళ్లు) దాటుతుంది. మీ ఇంజిన్ ఇచ్చేది అయిదో ఆరో. పైగా బయటికి వచ్చే ప్రవాహానికి గాలి ఎదురైతే నీళ్లు నిటారుగా లేస్తాయి. గండి బయట నిలబడి బైనాక్యులర్స్‌తో చూడండి. తెల్లగా నురగ లేస్తుంటే ఆగండి, ప్రవాహం నెమ్మదించాక వెళ్లండి.

లోపలికి వెళ్లాక వెలుతురే దారి చూపాలి. ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా, సూర్యుడు నెత్తి మీదో వీపు వెనకో ఉండాలి. ముదురు నీలం లోతు, ఆకుపచ్చ తక్కువ లోతు, గోధుమ రంగు కనబడితే పగడపు బండ దాదాపు పైకే ఉన్నట్టు. జీపీఎస్ మీరున్న చోటు కచ్చితంగా చెబుతుంది కానీ, మ్యాపులో ప్రతి బండా ఉండదు. పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకుని ఒకరు ముందు నిలబడాలి. నీ కళ్లు చురుకైనవి, ఆ పని నువ్వే అడిగి తీసుకో.

ఇప్పుడు అసలు విషయం. తాహితి దీవిలోని పపీతే నుంచి నీ ఫ్లైట్ తేదీ ఖాయమైపోయిందని రాశావు. 'టువామోటులోని ఫకరవా దీవిలో రెండు రోజులే టైం ఉంటుంది, ఎలాగైనా సాయంత్రంలోగా లోపలికి చేరాలి' అన్నావు చూడు, ఆ 'ఎలాగైనా' నాకు నచ్చలేదమ్మా. పడవలకి గాలివాన కన్నా క్యాలెండర్ ఎక్కువ హాని చేస్తుంది. సాయంత్రం నాలుగింటికి గండి దగ్గరికి చేరితే, లోపల ఎంత ప్రశాంతంగా కనబడినా, తెరచాప కుదించుకుని మళ్లీ బయటి సముద్రంలోకి వెళ్లిపోండి. రాత్రంతా దూరంగా తిరుగుతూ ఉండి పొద్దున్నే రండి. అలసట, చిరాకు, ఇంకొక రాత్రి నిద్ర లేకపోవడం, అన్నీ ఉంటాయి. భరించండి. నిర్ణయం స్కిప్పర్‌దే, ఆయనకు నీకంటే చాలా తెలుసు. అయినా నీకు అనుమానం వస్తే నోరు తెరిచి చెప్పు. కొత్తదాన్ని కదా, నేనేం చెప్తాను అనుకోకు. టికెట్ మార్చడానికి అయ్యే డబ్బు నీ అకౌంట్లో వేశాను. అది వాడినా నేను ఒక్క మాట అనను.

చేపల సంగతి కూడా. సిగువటెరా అనే విషం పగడపు దిబ్బల చేపల్లో ఉంటుంది. రుచిలో, వాసనలో తేడా తెలియదు, ఎంత ఉడికించినా పోదు. ఏ చేప ఎక్కడ తినొచ్చో ఊళ్లో జాలర్లని అడగండి. ఒక దీవిలో మంచిదైన చేప పక్క దీవిలో కాకపోవచ్చు. నడిసముద్రంలో పట్టిన ట్యూనాకి ఈ భయం లేదు.

ఆ ఊళ్లలో ఏరులుండవు, వాననీళ్లే ఆధారం. కాబట్టి నీళ్లు అడగొద్దు, మీ ట్యాంకు పొదుపుగా వాడుకోండి. కొబ్బరి చెట్లు కూడా ఎవరో ఒకరివే. ఎండుకొబ్బరి అమ్ముకుని బతికేవాళ్లు వాళ్లు, అడక్కుండా ఒక్క కాయ కొయ్యకండి. అదే ద్వీపసమూహంలోని మొరురోవా, ఫంగటౌఫాల్లో ఫ్రాన్స్ 1966 నుంచి 1996 దాకా 193 అణుపరీక్షలు జరిపింది. బయటివాళ్ల వల్ల అంత భరించిన చోటికి అతిథిగా వెళ్తున్నావు. గట్టు ఎక్కగానే నవ్వుతూ 'ఇయా ఒరానా' అని పలకరించు.

మెసేజ్ రోజూ పెట్టక్కర్లేదు, బ్యాటరీ దాచుకో. గండి దాటి లంగరు వేశాక మాత్రం ఒకటి పెట్టు. అది ఒక రోజు ఆలస్యమైతే బయట ఆగారనే అనుకుంటాం. అమ్మకి కూడా ఇదంతా వివరంగా చెప్పాను, ఇప్పుడు గండుల గురించి నన్నే ఎదురు ప్రశ్నలు వేస్తోంది.

ప్రేమతో,
నాన్న