కలెక్టర్ గారూ, డబ్బులొద్దు, బండ్ల బాట మీద ఒక కాగితం ఇవ్వండి

అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మేము గుత్తి చుట్టుపక్కల ఊళ్ళలో గుర్రాలు పెంచుకునేవాళ్ళం. ముందే చెప్పేస్తున్నాను, ఇది నిధులు అడిగే ఉత్తరం కాదు. షెడ్డు కట్టివ్వమనో, దాణాకు నెలనెలా ఇంత ఇమ్మనో అడగడం లేదు. మాకు కావాల్సింది మీ సంతకం ఉన్న ఒక్క కాగితం. అదెందుకో చెప్పాలంటే కాస్త పొడుగ్గా రాయాల్సొస్తోంది, ఓపిక చేసుకుని చదవండి.

మేము అంటే ఎవరంటే, పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తోలేవాళ్ళు, ఒకప్పుడు రైల్వే స్టేషన్ దగ్గర జట్కా నడిపిన ఇళ్ళ మనవళ్ళు, బెంగళూరులో రేసులకు పనికిరాదని అమ్మేసిన గుర్రాన్ని తెచ్చుకుని సాకుతున్న ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు, ఉద్యోగం చేసుకుంటూ సరదాకి ఒక మార్వాడీ ఆడగుర్రాన్ని పెట్టుకున్న నాలాంటోళ్ళు. సంఘం లేదు, రిజిస్ట్రేషన్ లేదు, బ్యానర్ లేదు. ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, అందులో సగం మెసేజ్‌లు ఉలవల ధర గురించే.

మా ఊళ్ళ మధ్య పాత బండ్ల బాటలున్నాయి. తారు రోడ్లు రాకముందు చెనక్కాయ బండ్లు, సంతకు పోయే ఎద్దులు, పెళ్ళివారు అందరూ నడిచిన దారులు. గ్రామ పటంలో ఉంటాయి, రికార్డులో రస్తా పోరంబోకు, అంటే దారికి వదిలిన సర్కారు నేల అని ఉంటాయి, నేల మీద మాత్రం చాలాచోట్ల కనపడవు. ట్రాక్టర్ వచ్చాక ఎద్దులబండి పోయింది, ఆటోలొచ్చాక నడిచేవాళ్ళు పోయారు, మనిషి తిరగని దారిని కంప ఊరికే వదులుతుందా! ఇప్పుడు ఆ దారుల్లో తిరిగేది గొర్రెల కాపరులు, చేలకు పోయే రైతులు, మేము. హైవే మీద పోవచ్చు కదా అని ఒకాయన సలహా ఇచ్చాడు. పోవచ్చు సార్, 44వ నంబరు రోడ్డు మీద లారీ హారన్ కొడితే గుర్రం ఒక్కటే ఇంటికి తిరిగొస్తుంది, మేము రాము. తారు మీద లాడం జారుతుంది, ఆ గట్టినేల మీద రోజూ తోలితే కీళ్ళు దెబ్బతింటాయి. గుర్రానికి మట్టి దారే కావాలి.

సర్కారు తుమ్మ గురించి మీకు చెప్పక్కర్లేదు, అనంతపురంలో దాన్ని చూడకుండా ఎవరూ మైలు దూరం కూడా పోలేరు. కానీ గుర్రం కాలికి ఆ ముల్లు దిగితే ఏమవుతుందో చాలామందికి తెలియదు. గిట్ట అడుగున ముక్కోణంగా మెత్తటి భాగం ఒకటుంటుంది. ముల్లు అక్కడ దిగి లోపలే విరుగుతుంది, బయటికి ఏమీ కనపడదు. మొదటిరోజు గుర్రం కాస్త ఎత్తెత్తి అడుగేస్తుంది, అంతే. తర్వాత గిట్ట మీద చెయ్యి పెడితే సెగ తెలుస్తుంది, ఆ తర్వాత కాలు నేలకు ఆనించదు. అప్పుడు లాడాలు కొట్టే పెద్దాయన వచ్చి, ఆ కాలిని తన తొడల మధ్య ఇరికించుకుని, వంకర కత్తితో పొరలు పొరలుగా చెక్కుకుంటూ పోతే నల్లటి చుక్క ఒకటి తగులుతుంది, ఇంకొంచెం లోపలికి పోతే చీము చిమ్ముతుంది. గుర్రాన్ని ధనుర్వాతం మిగతా పశువుల కన్నా తేలిగ్గా పట్టుకుంటుంది, టీకా వేయించని గుర్రమైతే బతకడం కష్టం. పెళ్ళిళ్ళ సీజన్‌లో గుర్రం ఒకటి మూలన పడితే ఆ ఇంటికి ఆ సీజన్ పోయినట్టే.

అందుకే మాకు వీలైన ఆదివారాలు మేమే గొడ్డళ్ళు, గడ్డపారలు పట్టుకుని కంప కొడతాం. ఇందులోనూ పద్ధతుంది. నేలకు సమానంగా నరికి వదిలేస్తే రెండు తప్పులు. ఒకటి, ఆ మొద్దు ఈటె మొనలా నిలబడుతుంది, చీకట్లో గుర్రమో ఎద్దో దాని మీద అడుగేస్తే అంతే సంగతులు. రెండు, వానలు పడగానే అదే మొద్దు నుంచి పది కొమ్మలు లేస్తాయి. వేరు మెడ దాకా మట్టి తవ్వి, దాని కింద నరకాలి. చాలా చెమట పని, పైగా ఫోటోలో ఏమీ కనపడదు, నున్నటి నేల తప్ప. కొట్టిన కట్టెను మేము ఇంటికి తెచ్చుకోం, బాట పక్కన పేరిస్తే సాయంత్రానికి ఊళ్ళోవాళ్ళు పొయ్యిలోకి తీసుకుపోతారు, ముళ్ళకొమ్మలు చేనుకు కంచె వేసుకుంటారు.

కంప తర్వాత నీళ్ళు. మన జిల్లాలో ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల చిల్లర వాన, అదీ నాలుగు రోజుల్లో కుమ్మరించి పోతుంది. వాలు దారి మీద నీళ్ళు నేరుగా దిగితే బాట కాస్తా వంకైపోతుంది. దానికి దారికి అడ్డంగా, కాస్త ఏటవాలుగా, అక్కడక్కడ రాళ్ళు పరిచి గట్టు కడితే నీళ్ళు పక్క చేల వైపు మళ్ళుతాయి. ఇంజనీరు అక్కర్లేదు, వాలు చూసే కన్ను చాలు, అది మా ఊరి ముసలి రైతులకు మాకన్నా బాగా ఉంది. ఇక కల్వర్టుల కింద పగిలిన క్వార్టర్ సీసాలు ఏరడం అనే కార్యక్రమం వేరే ఉంది, దాని గురించి రాస్తే నాకు బీపీ వస్తుంది, వదిలేస్తున్నా.

ఇప్పుడు అసలు ఇబ్బందికి వస్తా. పోయిన వానాకాలం కంప కొడుతుంటే ఒకాయన బైక్ ఆపి, ఎవరిని అడిగి కొడుతున్నారు, ఇది గవర్నమెంటు చెట్టు అన్నాడు. సరేనని ఒక ఆఫీసుకు పోయాం, ఇది మా పరిధి కాదన్నారు, ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడ, చెట్టు మాది కాదు నేల మాది, నేల మీద చెట్టు సంగతి వేరేవాళ్ళను అడగండన్నారు. ఆ వేరేవాళ్ళు మళ్ళీ మొదటి ఆఫీసు పేరు చెప్పారు. ఎవరూ కోప్పడలేదు, టీ కూడా ఇచ్చారు, కానీ కొట్టండి అని ఒక్కరూ రాసివ్వలేదు, కొట్టొద్దనీ రాసివ్వలేదు. ఈలోపు ఒకచోట బాటను చేనులో కలుపుకుని దున్నేశారు, అడిగితే మీకేం హక్కుంది అంటున్నారు. రికార్డు చూపిస్తే, గుర్రాలోళ్ళకు రికార్డులెందుకు అని నవ్వు. ఆ రైతు మీద కేసు పెట్టమని అడగడం లేదు. అతను మా పక్క ఊరివాడే, రేపు పెళ్ళికి గుర్రం కావాలంటే మా దగ్గరికే రావాలి. కొలిచి రాయి పాతితే గొడవ అక్కడే ఆగిపోతుంది, అంతే.

కాబట్టి అడిగేది ఇది. గుత్తి మండలంలో గ్రామ పటంలో ఉన్న బండ్ల బాటలు ఏవో సర్వేయర్ చేత ఎఫ్‌ఎంబీ, అంటే పొలాల కొలతల పుస్తకం ప్రకారం ఒకసారి చూపించండి. అడవి భూమి కాని చోట, ఆ రస్తా హద్దుల లోపల సర్కారు తుమ్మ మాత్రమే తీయవచ్చని, వేప, చింత, కానుగ ముట్టుకోకూడదని, జేసీబీ వాడకూడదని, నిప్పు పెట్టకూడదని, ఏ బాట ఎవరు చూసుకుంటారో పంచాయతీలో పేర్లు రాయించాలని, ఒక ఉత్తర్వు ఇవ్వండి. షరతులు మీరు ఎన్ని పెట్టినా సరే. షరతులుంటేనే మాకూ మంచిది, రేపు మా పేరు చెప్పి ఇంకెవడో ఎర్రమట్టి టిప్పర్లు తోలకుండా ఉంటాడు.

ఇది మేము కనిపెట్టిన వింత కోరిక కాదు. అమెరికాలో అడవుల శాఖతో కలిసి స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళ కోసం 1972లోనే ఒక చట్టం తెచ్చారు, ఎవరు ఏ పని చేస్తారో ముందే రాసుకుంటారు. ఆ మరుసటి ఏడాది మోంటానాలో గుర్రపు రౌతులు కలిసి బ్యాక్ కంట్రీ హార్స్‌మెన్ అని ఒక సంఘం పెట్టుకున్నారు, యంత్రాలు నిషేధించిన అడవుల్లోకి రంపాలు కంచరగాడిదల మీద వేసుకుపోయి దారికి అడ్డం పడిన మానులు కోస్తారు. ఇంగ్లండులో 1949 చట్టం ప్రకారం కాలిబాటలు, గుర్రపు బాటలు అధికారిక పటంలో గీస్తారు, అందులో గీత ఉంటే అదే రుజువు, చేను ఎవరిదైనా దారి మూయడానికి లేదు. మన పటాల్లో గీత ఎప్పుడో ఉంది కలెక్టర్ గారూ, దాన్ని నమ్మమని ఎవరైనా చెప్పాలంతే.

అసలు ఈ సీమలో గుర్రం కొత్తా? గుత్తి కోటను మురారిరావు ఘోర్పడే ఏలినప్పుడు ఆయన గుర్రపు దళం కోసం దక్షిణాది రాజులంతా బేరాలాడారు. ఆ తర్వాత 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు కలెక్టరుగా చేసిన ఇంగ్లీషు దొర థామస్ మన్రో సగం ఉద్యోగం గుడారాల్లోనూ గుర్రం మీదా చేశాడు. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట పూడ్చింది మా గుత్తిలోనే, తర్వాత మద్రాసుకు తీసుకుపోయారు. మద్రాసులో ఆయన విగ్రహం గుర్రం మీద ఉంటుంది, రికాబుల్లేకుండా. ఈ వైపు పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారంటే ఊరికే కాదు, ఊళ్ళ దాకా వచ్చి భూములు చూసిన కలెక్టరు కాబట్టి. మిమ్మల్ని గుర్రమెక్కి రమ్మనడం లేదు లెండి. జీపు దిగి ఒక బాట మీద కాస్త దూరం నడిస్తే చాలు.

రెండో విషయం, మా కలయిక. ఏటా చలికాలంలో ఒకరోజు చుట్టుపక్కల గుర్రాలన్నీ ఒకచోట చేరాలని మా కోరిక. పొద్దున బాట పని, తర్వాత బాగుచేసిన దారిలో నడక, సాయంత్రం లాడాలు, జీనులు చూసుకోవడం, పిల్లలకు కళ్ళెం వేయడం నేర్పించడం. పందెం ఉండదు. పందెం అనే మాట వినపడగానే పోలీసులకు టెన్షన్, అది మాకు అర్థమవుతుంది, ఎందుకంటే గుర్రం పరుగెత్తితే డబ్బు పెట్టేవాళ్ళు ఎక్కడినుంచో ఊడిపడతారు. అందుకే నడక మాత్రమే. డీజే కూడా వద్దు, పెళ్ళిళ్ళలో ఆ మోతకు బెదిరిన గుర్రాలు మాకు తెలుసు. చలికాలమే ఎందుకంటే, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండి లాగే, బరువు మోసే పశువును వాడకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. మన ఎండల్లో ఆ లెక్క చూస్తే మార్చి నుంచి జూన్ దాకా మిట్టమధ్యాహ్నం గుర్రాన్ని బయటికి తీయనే కూడదు. ముళ్ళ కళ్ళేలు కూడా అవే నిబంధనలు వద్దన్నాయి. ఆ రోజు అలాంటి కళ్ళెంతో ఎవరైనా వస్తే గుర్రానికి నీళ్ళు పెట్టి మనిషిని వెనక్కి పంపిస్తాం, ఇది మాలో మేము ముందే అనుకున్న మాట.

ఇక్కడ పశుసంవర్ధక శాఖ సాయం కావాలి. గుర్రాలు ఒకచోట చేరితే గ్లాండర్స్ భయం ఉంటుంది. టీకా లేని జబ్బు, మనుషులకూ అంటుకుంటుంది, తేలితే గుర్రాన్ని చంపేయడమే. ముందుగా రక్త నమూనాలు తీసుకుంటే, అవసరమైతే హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దాకా పంపి నిర్ధారించుకోవచ్చు. డాక్టర్లు ఒకరోజు ముందే వస్తే అన్ని గుర్రాలకూ ధనుర్వాతం టీకా కూడా అయిపోతుంది. నమూనా ఇస్తే గుర్రాన్ని పట్టుకుపోతారని మాలో కొందరికి భయం, జబ్బు లేని గుర్రాన్ని ఏమీ చేయరని డాక్టరే వచ్చి చెబితే వింటారు, నేను చెబితే వినడం లేదు. 2012లో దేశంలో ఆరు లక్షలకు పైగా ఉన్న గుర్రాలు 2019 పశుగణన నాటికి 3.4 లక్షలకు పడిపోయాయి. ఉన్నవాటినైనా కాపాడుకోకపోతే బ్రహ్మోత్సవాల్లో అశ్వవాహనం మీద ఊరేగే చెక్క గుర్రమే మిగులుతుంది. దానికి దాణా ఖర్చు లేదు కాబట్టి అది ఎలాగూ ఉంటుంది.

ఎక్కడ అడగకూడదో కూడా మాకు తెలుసు. కడప వైపు రౌతులు కొందరు లంకమల అడవి అంచుల్లో ఇలాంటి దారి తీద్దామని అంటే మేమే వద్దన్నాం. కలివికోడి అనే పక్షి అంతరించిందనుకున్నాక 1986లో మళ్ళీ కనిపించింది ఆ పొదల మధ్యే. అక్కడ ముళ్ళపొద ఉండాల్సిందే, కొట్టకూడదు. నల్లమల కూడా అంతే, పులుల అభయారణ్యంలో మాకేం పని. మేము అడిగేది ఊరికీ ఊరికీ మధ్య, రెండు చేల నడుమ, రస్తా అని రాసి ఉన్న నేల గురించే.

ఇంకొక్కటి, చిన్నది. ఉపాధి హామీలో కట్టిన పశువుల నీటి తొట్లు చాలా ఊళ్ళ బయట ఎండిపోయి ఉన్నాయి, కొన్నింటిలో చెత్త వేస్తున్నారు. గుర్రం రోజుకు ముప్ఫై నలభై లీటర్లు తాగుతుంది, ఎండల్లో ఇంకా ఎక్కువ. బాటల పక్కనున్న తొట్లు కడిగే పని మేము పెట్టుకుంటాం, నీళ్ళ గొట్టం కలపమని పంచాయతీలకు ఒక మాట చెప్పండి. గొర్రెలకూ పనికొస్తుంది.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్‌ఎస్‌కు అర్జీతో వస్తాం. గ్రామ పటాల నకళ్ళు, మేము ఇప్పటిదాకా బాగుచేసిన చోట్ల ఫోటోలు, బాటల వెంట చేలున్న రైతుల్లో సంతకం పెట్టినవాళ్ళ కాగితం అన్నీ తెస్తాం. సంతకం పెట్టనని చెప్పినవాళ్ళ పేర్లు కూడా తెస్తాం, వాళ్ళ అభ్యంతరం ఏమిటో కూడా రాసి. గుర్రాలను మాత్రం తేవడం లేదు, గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళకు ఎందుకు లేనిపోని కష్టం.

ఇట్లు,
గుత్తి చుట్టుపక్కల గుర్రాలు పెంచుకునేవాళ్ళ తరఫున,
ఒక రౌతు