నా బదులు ఫోన్లు ఎత్తినవాళ్ళకి

ఈ నెల పర్సనల్ లోను వాయిదా, కొత్తగా తగ్గించి రాసిన మొత్తం, తేదీకి సరిగ్గా ఖాతాలోంచి కట్ అయింది. మెసేజ్ చూసుకున్నాక ఇక ఈ పోస్టు రాసేయాలనిపించింది. ఎప్పటినుంచో మీ అందరికీ బాకీ ఉన్న థాంక్స్ పోస్టు ఇది. పేర్లు పెట్టడం లేదు, ఎవరి సంగతి వాళ్ళకి తెలుస్తుంది. పైగా ఇద్దరు ముగ్గురు "నా పేరు రాశావంటే ఊరుకోను" అని ముందే హెచ్చరించారు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో: హైదరాబాదులో నేను పనిచేసిన ఆన్‌లైన్ కోచింగ్ కంపెనీ మా అకౌంట్స్ విభాగం మొత్తాన్ని ఎత్తేసింది. నోటీసు పీరియడ్ జీతం ఇస్తామన్నారు, ఆ డబ్బులు నేటికీ రాలేదు. అప్పటికి నా నెత్తిన మూడు అప్పులు. నాన్న ఆసుపత్రి ఖర్చులకి తీసుకున్న పర్సనల్ లోను, ఆ ఖర్చులకే గీకిన క్రెడిట్ కార్డు, మొబైల్ యాప్‌లో తీసుకున్న చిన్న మొత్తం. హాస్టల్ ఖాళీ చేసి గుంటూరు బ్రాడీపేటలో అమ్మ దగ్గరికి వచ్చేశాను. వాయిదాలు తప్పాయి, ఫోన్లు మొదలయ్యాయి.

ఆ ఫోన్లు ఎలా ఉంటాయో పడ్డవాళ్ళకే తెలుసు. స్టవ్ మీద పాలు పొంగకముందే మొదటిది వచ్చేది. నంబరు బ్లాక్ చేస్తే ఇంకో నంబరు నుంచి. పొద్దున "మేడమ్" అన్నవాడే సాయంత్రానికి "ఏం, ఎప్పుడు కడతావ్?" అనేవాడు. నేను ఎత్తడం మానేశాక అమ్మకి చేశారు. తర్వాత ఇంటి ఓనరుకి, నా పాత టీమ్ లీడ్‌కి, పదో తరగతి స్నేహితురాలికి, చివరికి నరసరావుపేట దగ్గర మా చెల్లెలి అత్తగారింటికి.

ఆ చివరిది విన్నప్పుడు నా గుండె గుభేలుమంది. ఆడపిల్లని ఇచ్చిన ఇంట్లో ఇలాంటి మాట పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కానీ అక్కడ ఫోను ఎత్తింది ఎవరు? చెల్లెలి అత్తగారు. "మీ కోడలి అక్క అప్పు ఎగ్గొట్టి తిరుగుతోంది, పెద్దవాళ్ళు మీరైనా బుద్ధి చెప్పండి" అన్నాడట వాడు. ఆవిడ గొంతు పెంచకుండానే అడిగారట: "అప్పు ఇచ్చేటప్పుడు నన్ను అడిగి ఇచ్చారా బాబూ? నేను జామీను సంతకం పెట్టానా? మరి నా నంబరు నీకు ఎవరిచ్చారు?" వాడేదో నసిగాడు. "సరే, నీ పేరు చెప్పు, నీ ఆఫీసు ఏ ఊళ్ళో ఉందో చెప్పు, రాసుకుంటా. ఒరేయ్ చిన్నోడా, పెన్ను పట్రారా!" అని మనవణ్ణి కేకేశారట. పెన్ను వచ్చేలోపే అవతల ఫోను పెట్టేశారు.

ఆ తర్వాత ఆవిడ నాకు ఫోన్ చేశారు. వణుకుతూనే ఎత్తాను. అప్పు ఎంత, ఎందుకు చేశావు, ఒక్క ప్రశ్న లేదు. "ఉద్యోగం పోతే మాకు చెప్పొద్దా అమ్మా? కొత్త మినుములు వచ్చాయి, పెద్దాడి చేత పంపిస్తున్నా, మీ అమ్మకి చెప్పు" అన్నారు. అత్తయ్యగారూ, ఆ పూట నేను మీకు సరిగ్గా జవాబు కూడా ఇవ్వలేకపోయాను. ఇక్కడ ఇస్తున్నాను.

ఆవిడకి ఆ ధైర్యం ఎక్కడిదో తర్వాత చెల్లెలు చెప్పింది. 2010లో ఆవిడ ఊళ్ళో డ్వాక్రా గ్రూపు లీడరు. మైక్రో ఫైనాన్స్ వాళ్ళు వారం వారం వచ్చి, కట్టలేని ఆడవాళ్ళ గుమ్మాల ముందు కూర్చుని, పక్కింటివాళ్ళ చేత తిట్టించి వసూలు చేసిన రోజులవి. ఆత్మహత్యలు జరిగాక, ఆ ఏడాది అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆవిడ అదంతా కళ్ళారా చూసిన మనిషి. అప్పుడు గుమ్మం దాకా వచ్చేవాళ్ళు, ఇప్పుడు ఫోన్లో వస్తున్నారు, పద్ధతి అదే అంటారావిడ.

రెండో నమస్కారం మా పక్క లైనులో ఉండే రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారికి. అమ్మ గుడిలో వాళ్ళావిడ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, సాయంత్రం ఆయనే మా ఇంటికి వచ్చారు. ముందు చేసిన పని, నా ఫోను తీసుకుని బల్ల మీద బోర్లా పెట్టడం. తర్వాత తెల్లకాగితం అడిగారు. మూడు అప్పులూ అసలు ఎంత, వడ్డీ ఎంత, ఎన్నో తేదీ అని గళ్ళు గీసి రాయించారు. అప్పటిదాకా నా బుర్రలో అదంతా కలిసి ఒకటే పెద్ద భయం. కాగితం మీద పడ్డాక మూడు వేరు వేరు లెక్కలయ్యాయి.

క్రెడిట్ కార్డు గడిలో నెలకి 3.5 శాతం అని రాస్తే అమ్మ పక్కనుంచి చూసి, "మూడున్నర రూపాయల వడ్డీయా! మా ఊళ్ళో రెండు రూపాయలకిచ్చేవాణ్ణే పీనాసి వెధవ అనేవాళ్ళం కదే!" అంది. ఏడాదికి 42 అని ఎన్నిసార్లు చదివినా నాకు ఎక్కనిది అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది. అసలు బ్యాంకులు స్టేట్‌మెంట్ మీద వడ్డీని రూపాయల్లో రాస్తే సగంమంది కార్డు ముట్టుకోరేమో.

ఆయన చెప్పినవి, నాలాగే ఇరుక్కున్నవాళ్ళకి పనికొస్తాయని రాస్తున్నాను. ఫోన్లో ఎవరు చేసినా ఒక్కటే మాట: "ఉద్యోగం పోయింది, బ్రాంచిలో రాతపూర్వకంగా ఇచ్చాను, ఏమున్నా రాసి పంపండి." అంతే, పెట్టేయాలి. వాళ్ళ నోరు మూయించడానికి "శుక్రవారం కడతా" లాంటి తేదీ చెప్పకూడదు. దాన్ని వాళ్ళు మాట ఇచ్చినట్టు సిస్టమ్‌లో రాసుకుంటారు, ఆ శుక్రవారం ఫోన్లు రెట్టింపవుతాయి. ఇంటికి ఎవరైనా వస్తే గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం అడిగి చూడాలి. ఎంత తక్కువైనా సరే లోను ఖాతాలోకే కట్టాలి, వచ్చినవాడి సొంత క్యూఆర్ కోడ్‌కి కాదు. పాత అప్పు తీర్చడానికి కొత్త యాప్‌లో అప్పు ఎత్తకూడదు. ఈ చివరిది చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు కాస్త కటువుగా ఉంది.

ఆయనే నాతో బ్రాంచికి వచ్చి ఉత్తరం ఇప్పించారు. కంపెనీ తీసేసిన లెటరు జత చేసి, వాయిదా తగ్గించి గడువు పెంచమని అడుగుతూ. రెండో కాపీ మీద స్టాంపు, సంతకం పడేదాకా ఆయన కౌంటరు దగ్గర్నుంచి కదల్లేదు. ఉత్తరం చివర్లో ఒక పేరా ఆయన చెప్పి రాయించినదే: 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదు, బంధువులనూ స్నేహితులనూ వేధించకూడదు, నలుగురిలో అవమానించకూడదు. నాకు ఫోన్లు వచ్చిన నంబర్లు, వేళలు ఇవీ. 30 రోజుల్లో జవాబు రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాస్తాను. అక్కడిదాకా పోనక్కర్లేకపోయింది. బంధువులకి ఫోన్లు ఆగాయి. కొన్నాళ్ళకి గడువు పెంచడానికి కూడా ఒప్పుకున్నారు. ఒప్పుకోవాలన్న రూలేమీ లేదు, ఆ బ్రాంచిలో లోన్లు చూసే ఆఫీసరు గారు మా ఫైలు కింద పడేయకుండా పైకి పంపారు. మేడమ్, మీకూ థాంక్స్.

ఆ నంబర్లు, వేళల పట్టిక తయారు చేసింది నేను కాదు, నాతోపాటే ఉద్యోగం పోయిన తమ్ముడు (వరసకి కాదు, సీటు పక్కన కూర్చునేవాడు). తనకే దిక్కులేని రోజుల్లో రాత్రుళ్ళు కూర్చుని నా కాల్ లాగ్, స్క్రీన్‌షాట్లు తేదీలవారీగా సర్దాడు. యాప్‌కి కాంటాక్ట్స్ అనుమతి తీసేయించాడు. 2022 సెప్టెంబరులో వచ్చిన డిజిటల్ లెండింగ్ నియమాల ప్రకారం అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టులు, కాల్ లాగ్, ఫొటోలు ముట్టుకోకూడదని నాకు తెలిసింది వాడి వల్లే. నా ఫొటో మార్ఫింగ్ చేసి అందరికీ పంపుతామని ఒక మెసేజ్ వచ్చినప్పుడు, నేను ఏడుస్తూ కూర్చుంటే వాడే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కలిపి నా చేతిలో పెట్టాడు, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు వేయించాడు. ఆ యాప్ వెనకున్న ఫైనాన్స్ కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఆ కాపీ పంపాక ఒక్క పిచ్చి మెసేజ్ లేదు. ఒరేయ్, నీకు ఉద్యోగం వచ్చిందన్న రోజు నేను పంచిన మైసూర్‌పాకులు నా ఉద్యోగానికి కూడా పంచలేదు, గుర్తుంచుకో.

ఇక జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడిన లాయరు గారు. ఒకరోజు వాట్సాప్‌లో "అరెస్ట్ వారెంట్" అని పీడీఎఫ్ వచ్చింది. పైన మూడు సింహాల బొమ్మ, కింద ఎర్ర అక్షరాలు, 24 గంటల్లో పోలీసులు వస్తారని. అమ్మ ఆ రాత్రి తలుపు గడియ రెండుసార్లు లేచి చూసుకుంది. మర్నాడు కోర్టు ఆవరణకి వెళ్ళాం. ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం ఇస్తారని నాకు అంతవరకు తెలియదు. న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

లాయరు గారు ఆ పీడీఎఫ్‌ని పెద్దది చేసి చూసి, "కేసు నంబరు ఏదమ్మా? ఏ కోర్టు?" అన్నారు. రెండూ లేవు. "నంబరుంటే ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడొచ్చు. ఇది ఎవడో కంప్యూటర్‌లో చేసుకున్న కాగితం. ఉద్యోగం పోయి వాయిదా కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం, దానికి ఎవరూ చేతులకి బేడీలు వేయరు" అన్నారు. నేను ఊపిరి పీల్చుకునేలోపే ఇంకోటి కూడా చెప్పారు: చెక్కు బౌన్సయినా, ఆటో డెబిట్ బౌన్సయినా కేసు వేసే వీలు చట్టంలో ఉంది, నిజమైన సమన్లు వస్తే మాత్రం పక్కన పడేయొద్దు, వెంటనే ఇక్కడికి రా. ఉత్తుత్తి ధైర్యం చెప్పి పంపించలేదావిడ. అందుకే నమ్మకం కుదిరింది.

తర్వాత నిజంగానే పోస్టులో ఒక నోటీసు వచ్చింది. కార్డు బాకీ మీద లోక్ అదాలత్‌కి రమ్మని. అదీ కోర్టు కాగితమే, కానీ బెదిరింపు ముక్క ఒక్కటి లేదు. రాజీకి పిలుపు, అంతే. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే అమ్మే తేడా పట్టేసింది. లోక్ అదాలత్ రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం, మీద అప్పీలుండదు, కాబట్టి కట్టగలిగిన మొత్తానికే సంతకం పెట్టమని లాయరు గారు మరీ మరీ చెప్పారు. బ్యాంకు తరఫున వచ్చినాయన లేటు ఫీజులు, వడ్డీలో చాలా భాగం వదులుకున్నారు. మిగిలింది కట్టడం కోసం అమ్మ తన గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టింది. మేనేజరు గారు మొదట వద్దన్నారు, అమ్మ వినలేదు. "మూడున్నర రూపాయల వడ్డీ వదిలించుకుని ముప్పావలా వడ్డీ తలకెత్తుకుంటే నష్టమేంటండీ?" అంది. ఆయన నవ్వేసి ఊరుకున్నారు. సిబిల్‌లో, అంటే మన అప్పుల చరిత్ర ఉండే రికార్డులో, ఆ కార్డు "క్లోజ్డ్" అని కాక "సెటిల్డ్" అని పడింది. కొన్నేళ్ళు కొత్త అప్పు పుట్టడం కష్టం. ఇప్పుడు నాకు అంతకంటే కావలసిందేముంది!

ఇంటి ఓనరు గారూ, ఆ ఫోన్లు మీకు వచ్చాక కూడా అద్దె తేదీ గురించి మీరు ఒక్క మాట అనలేదు. పదో తరగతి స్నేహితురాలా, నీకు మెసేజ్ వచ్చిన రోజే మీ నాన్నగారికి చెప్పి మిర్చి యార్డు దగ్గర కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూసే పని ఇప్పించావు. హైదరాబాదు జీతం కాదు. సీజన్లో టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతుంటే ఆఫీసు గదిలో కూడా తుమ్ములే తుమ్ములు, రిజిస్టర్లో ఎంట్రీ వేస్తూ కళ్ళు తుడుచుకుంటూ ఉంటాను. చూసినవాళ్ళు ఏడుస్తున్నాననుకుంటారు.

ఫోన్లు రాగానే నన్ను వాట్సాప్ గ్రూపులోంచి తీసేసినవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళ మీద కోపం లేదని రాస్తే అబద్ధం అవుతుంది. వదిలేస్తున్నాను.

ఇంకొకరు మిగిలారు. వసూలు ఏజెన్సీ నుంచి ఫోన్ చేసే కుర్రాడు ఒకడు, రాయలసీమ యాస. మిగతావాళ్ళు కేకలేస్తుంటే అతను మాత్రం "మేడమ్, మీరు బ్రాంచికి పోయి మాట్లాడుకోండి, మా చేతిలో ఏమీ లేదు, నెలాఖరు టార్గెట్ కోసం చేస్తాండాం" అన్నాడు. అతని ఉద్యోగమూ నెలనెలా తాడు మీద నడకే కాబోలు. తమ్ముడూ, ఇది నీదాకా చేరదు, అయినా థాంక్స్.

పర్సనల్ లోను ఇంకా నడుస్తోంది, గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. కాబట్టి అంతా అయిపోయిందని కాదు ఈ పోస్టు. ఇప్పటికీ మీలో ఎవరికైనా నా పేరు చెప్పి ఫోను వస్తే, దయచేసి వాళ్ళతో గొడవ పడకండి. నంబరు, వచ్చిన టైము స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపండి. ఆ పట్టిక ఇంకా నా దగ్గరే ఉంది, కింద గళ్ళు ఖాళీగా ఉన్నాయి.