తలుపు దగ్గర టోనీ మొహం

ఒరేయ్ డైరెక్టరూ,

ఉత్తరం ఆలస్యమైంది, కోప్పడకు. ఇల్లు మారాం, ఆఫీసులో ఊపిరాడటం లేదు. అమ్మ మోకాలు ఇప్పుడు ఫర్వాలేదు. పాప కొత్త స్కూల్లో కుదురుకుంది. క్షేమసమాచారాలు అయిపోయాయి. ఇక అసలు సంగతి. నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

రాత్రి ‘షాడోస్’ చూశాన్రా. జాన్ కసావెటెస్ తీసిన మొదటి సినిమా, 1959. నలుపు తెలుపు, 16 ఎంఎం. న్యూయార్క్‌లో ఇద్దరు అన్నదమ్ములు, ఒక చెల్లెలు. పెద్దవాడు హ్యూ, పాటగాడు, చూడగానే నల్లవాడని తెలిసిపోతుంది. తమ్ముడు బెన్, చెల్లెలు లీలియా మాత్రం తెల్లవాళ్లలాగే కనిపిస్తారు. టోనీ అనే తెల్లబ్బాయి లీలియాని ఇష్టపడతాడు, ఇద్దరూ దగ్గరవుతారు. ఆమెది నల్లజాతి అని అతనికి తెలియదు, అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇప్పుడు విను. టోనీ ఆమె ఇంట్లో ఉండగా హ్యూ ఊరి నుంచి వస్తాడు. మా అన్నయ్య అంటుంది లీలియా. అంతే! టోనీ ఒకసారి అతన్ని చూస్తాడు, ఒకసారి ఆమెను చూస్తాడు. కోపం లేదు, అరుపు లేదు, ఒక్క చెడ్డమాట లేదు. మొహంలో ఏదో ఆరిపోతుంది. ఉన్నట్టుండి ఎవరినో కలవాల్సిన పని గుర్తొస్తుంది, వెళ్లాలంటాడు. హ్యూకి క్షణంలో అర్థమైపోతుంది. లీలియాకీ అర్థమవుతుంది, కానీ ఆమె ఇంకా నమ్మలేక అతని వైపే చూస్తుంటుంది. అక్కడ ఆపేసి కాసేపు కూర్చున్నాను.

ఇంటిపేరు చెప్పగానే ఎదుటివాళ్ల మొహం అలా మారడం మనకి కొత్త కాదు కదరా. ఆ రోజు వాళ్ల హాల్లో, నీ చేతిలో కాఫీ కప్పు... వద్దులే, ఎదురుపడ్డప్పుడు మాట్లాడుకుందాం.

డబ్బు సంగతి వింటే నువ్వు ఎగిరి గంతేస్తావు. కసావెటెస్ అప్పటికి నటుడు, న్యూయార్క్‌లో యాక్టింగ్ వర్క్‌షాప్ నడిపేవాడు. ఈ కథ అక్కడి ఇంప్రొవైజేషన్‌లోంచే, అంటే రాసుకోకుండా అప్పటికప్పుడు అల్లుకునే నటనలోంచే పుట్టింది. 1957లో జీన్ షెపర్డ్ అనే ఆయన రాత్రి రేడియో కార్యక్రమానికి వెళ్లి, మామూలు మనుషుల గురించి సినిమా కావాలనుకుంటే తలా ఒకటో రెండో డాలర్లు పంపండి అన్నాడు. పంపారు! ముక్కూమొహం తెలియని శ్రోతలు దాదాపు 2,000 డాలర్లు పంపారు. మొత్తం ఖర్చు 40,000 డాలర్ల దాకా అయిందంటారు. అనుమతులు లేకుండా వీధుల్లో కెమెరా పెట్టేశారు. స్క్రిప్టు రాసుకోలేదు కాబట్టి ఎడిటింగ్‌లో ఎవరేమన్నారో తెలియక, పెదవుల కదలిక చదివేవాళ్లను పిలిపించామని ఆయనే తర్వాత చెప్పాడు. నీ గోదావరి గట్టు షాట్ గుర్తొచ్చిందిరా, ఆ గాలి, ఆ డైలాగు!

ఇది ఏ కాలమో చూడు. తెల్ల, నల్ల జాతుల మధ్య శృంగార సంబంధం చూపించకూడదని 1930 నాటి హాలీవుడ్ ప్రొడక్షన్ కోడ్‌లోనే, అంటే స్టూడియోలు తమకు తామే పెట్టుకున్న నియమావళిలోనే రాసిపెట్టారు. 1950లలో ఆ పట్టు కాస్త సడలినా స్టూడియోలకు భయం పోలేదు. వీళ్లు ‘షాడోస్’తో కుస్తీ పడుతున్న 1958లోనే వర్జీనియాలో లవింగ్ దంపతులను, అతను తెల్లవాడు, ఆమె నల్లజాతి, పెళ్లి చేసుకున్న నేరానికి అర్ధరాత్రి పడకగదిలోకి వచ్చి అరెస్టు చేశారు. అలాంటి చట్టాలు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది 1967లో! అంతకుముందే శ్రోతల డాలర్లతో ఒక కుర్రాడు ఆ తలుపు దగ్గరి మొహాన్ని తీశాడు. నిర్మాత ఉంటే, టోనీ చేత పెద్ద డైలాగు చెప్పించి, చివర్లో క్షమాపణ అడిగించి, అందరినీ ఊరడించి పంపేవాడు. డబ్బు పెట్టినవాళ్లు ఏమీ అడగలేదు కాబట్టే అతను మౌనంగా వదలగలిగాడని నా నమ్మకం.

ఒకటి మాత్రం నాకు గుచ్చుకుంటోంది. లీలియాగా వేసిన లీలియా గోల్డోని నల్లజాతి అమ్మాయి కాదు, వాళ్ల పూర్వీకులు సిసిలీ వాళ్లు. నల్లజాతి పాత్రను తెల్లవాళ్లకిచ్చి స్టూడియోలు చేసిన పనే ఇక్కడా జరిగింది కదా? ఆమె నటనను వేలెత్తి చూపలేను. అయినా ఆ పాత్ర దక్కని ఎవరో అమ్మాయి గుర్తొస్తూనే ఉంది. నువ్వేమంటావో రాయి. ‘అది వేరే విషయం’ అని మాత్రం అనకు, ఆ మాట మీద మన ఒప్పందం ఉంది.

ఇంకోటి. సినిమా చివర ‘మీరు చూసినది ఇంప్రొవైజేషన్’ అని కార్డు పడుతుంది. కానీ 1958లో చూపించిన మొదటి రూపం ఆయనకే నచ్చక చాలా భాగం మళ్లీ తీశాడు, వాటిలో చాలా సీన్లు రాసుకుని తీసినవే. మొదటిదే గొప్పదని సినీ విమర్శకుడు జోనాస్ మెకాస్ గట్టిగా పోట్లాడాడు. ఆ మొదటి ప్రింటు ఏళ్ల తరబడి కనిపించకుండా పోయి, ఎక్కడ తేలిందో చెబితే నువ్వు నమ్మవు, న్యూయార్క్ సబ్‌వేలో ఎవరో మర్చిపోయిన సామానులో...

అయ్యో, మీటింగ్ మొదలైపోయింది, పిలుస్తున్నారు. ముందు సినిమా చూడు. ఇందులోని జాజ్ సంగీతకారుడు చార్లెస్ మింగస్ సంగీతం గురించి ఇంకా ఒక్క ముక్క కూడా రాయలేదు!

నీ
మూడో వరుస