కావలి అన్నకూ, నన్ను మళ్ళీ కూర్చోబెట్టిన వాళ్ళందరికీ

అందరికీ నమస్కారం.

సోమవారం పొద్దున వింజమూరులో నా జిరాక్సు షాపు మళ్ళీ తెరిచాను. షట్టరు మా తమ్ముడు లేపాడు, కొబ్బరికాయ అమ్మ కొట్టింది, మొదటి కాపీ నేనే తీశాను, చక్రాల కుర్చీలో కూర్చుని. ఆ రోజు వచ్చి పలకరించిన వాళ్ళకు గొంతు పట్టేసి సరిగా మాట్లాడలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నా. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. మీ ఊళ్ళో నడుం దెబ్బతిని మంచాన ఉన్న వాళ్ళుంటే, వాళ్ళ ఇంట్లో వాళ్ళకు కూడా చదివి వినిపించండి.

2022 మార్చిలో మా చేలో చింతకాయ దులపడానికి చెట్టెక్కాను. కొమ్మ విరిగింది. కింద పడ్డాక నాకు ముందు తెలిసింది నొప్పి కాదు, కాళ్ళు నావి కానట్టు ఉండటం. పక్క చేలల్లో వాళ్ళు పనులొదిలేసి పరుగెత్తుకొచ్చి, ఇద్దరు రెక్కలు పట్టి ఇద్దరు కాళ్ళు పట్టి ఆటోలో పడుకోబెట్టారు. వాళ్ళు ఆ రోజు నా కోసం పడ్డ ఆత్రం మర్చిపోను, వాళ్ళకూ దండం పెడతా. కాకపోతే ఒక్క మాట. విరిగిన నడుముని అట్ట వంచితే లోపల వెన్నుపాము ఇంకా నలుగుతుంది. పైనుంచి పడినవాణ్ణి కదిలించకుండా 108కి ఫోన్ చెయ్యాలి. కదిలించక తప్పదంటే నలుగురు కలిసి తల, మెడ, నడుము ఒక్క వరసలో ఉండేట్టు పక్కకి దొర్లించి, తలుపు చెక్క లాంటి దాని మీదికి చేర్చాలి. ఇప్పుడు మా ఊళ్ళో పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు.

ఆపరేషన్ చేసి నడుములో రాడ్లు వేశారు. పన్నెండో రోజు, "కాళ్ళు రావడం కష్టం, ఇంటికి తీసుకెళ్ళండి" అని పంపించేశారు. ఏ ఆసుపత్రో ఇప్పుడు అనవసరం. ఆపరేషన్ బాగానే చేశారు. కాని ఇంటికి పోయాక ఈ మనిషిని ఎట్ట పడుకోబెట్టాలి, ఎన్ని గంటలకు తిప్పాలి, ఒంటేలు గొట్టం ఎట్ట చూసుకోవాలి అని మా ఇంట్లో వాళ్ళకు ఒక్కరు కూర్చుని చెప్పలేదు. వెల్లకిలా పడుకోబెడితే అట్నే ఉన్నా. మూడు వారాలకు అమ్మే వాసన కనిపెట్టింది. వెనక, నడుం కింద ఎముక దగ్గర, కోడిగుడ్డు పట్టేంత పుండు. నాకు నొప్పి తెలిస్తే కదా చెప్పడానికి. జ్వరం వచ్చి వణికిపోతుంటే చలి జ్వరం అనుకున్నాం.

అప్పుడు మా ఊరి ఆశా వర్కరు అక్క వచ్చింది. బాలింతల్ని చూడటానికి మా వీధికి వచ్చి, అమ్మ మొహం చూసి లోపలికొచ్చింది. ఆ పూటే ఆసుపత్రికి తీసుకుపోయి జ్వరానికి మందు ఇప్పించింది, కట్టు కట్టించింది. "కావలిలో ఒకాయన ఉన్నాడు, నీ మాదిరే" అని ఫోన్ కలిపింది. అక్కా, నువ్వు ఆ రోజు మా గడప తొక్కకపోతే నేను ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాసేవాణ్ణి కాదు.

మూడో రోజు కావలి అన్న వచ్చాడు. పక్క చక్రాల స్కూటరు మీద, వెనక వదినని కూర్చోబెట్టుకుని, మడత కుర్చీ కట్టుకుని. లారీ క్లీనరుగా పనిచేస్తుండగా హైవే మీద బండి తిరగబడి, 2004 నుంచి ఆయనకు నడుం కింద స్పర్శ లేదు. మా గుమ్మానికి మెట్లు. కుర్చీ వెనక్కి తిప్పి ఎట్ట ఎక్కించాలో మా తమ్ముడికి ఆయనే చెప్పి, ఎక్కించుకుని లోపలికొచ్చాడు. "ఎట్టుండావు నాయనా" అన్నాడు. అందరూ అడిగే మాట, కాళ్ళు ఏమన్నా కదులుతున్నాయా అని, ఆయన అడగలేదు. "నీ వీపు నువ్వు చూసుకున్నావా?" అన్నాడు.

సంచిలోంచి పిడి ఉన్న చేతి అద్దం తీశాడు. నన్ను పక్కకు తిప్పించి, అద్దం నా చేతికిచ్చి, తన చెయ్యి కింద పెట్టి అద్దాన్ని కొంచెం కొంచెంగా వంచాడు. నా పుండు నాకు కనిపించింది. ఏడ్చాను. ఆయన ఆపలేదు, నా ఏడుపు అయ్యేదాకా అద్దం అట్నే పట్టుకుని ఉన్నాడు. తర్వాత, "రోజూ పొద్దున, పడుకోబొయ్యేముందు చూసుకోవాలి. ఎక్కడన్నా ఎర్రగా కనిపించి, వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోలేదంటే, ఆ చోటు మీద బరువు వెయ్యబాక" అన్నాడు.

సుద్దముక్కతో మా గోడ మీద గడియారం లెక్క రాశాడు. పదికి కుడి పక్క, పన్నెండుకి ఎడమ పక్క, రెండుకి బోర్లా. మోకాళ్ళ మధ్య దిండు, మడమలు పరుపుకి ఆనకుండా కింద తువ్వాలు. గుడ్డు, పప్పు, పాలు మానొద్దన్నాడు, కండ పట్టాలంటే అవే గతి. ఆ లోపల వదిన మా ఆవిణ్ణి పెరట్లోకి తీసుకుపోయింది. గంటసేపు ఏం మాట్లాడుకున్నారో మా ఆవిడ ఇప్పటికీ నాకు చెప్పదు. ఆ రాత్రి మాత్రం, నేను పడ్డాక మొదటిసారి, కంటినిండా నిద్రపోయింది. వదినకు నేను ఏమిచ్చి రుణం తీర్చుకోవాలి?

పుండు మానడానికి ఐదు నెలలు పట్టింది. తర్వాత అన్న మాట మీదే వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి వాళ్ళ బాగాయం సెంటరుకి పోయాం. ఆ సెంటరు పుట్టడానికి కారణం డాక్టర్ మేరీ వర్గీస్. 1954లో రోడ్డు ప్రమాదంలో ఆమెకే వెన్నుపాము దెబ్బతిన్నది. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. 1966లో మనలాంటి వాళ్ళ కోసం అది మొదలైంది. అక్కడ మంచం మీది నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి నేల మీదికి, నేల మీది నుంచి మళ్ళీ కుర్చీలోకి ఎక్కడం నేర్పారు. ఎప్పుడూ పెట్టి ఉంచే గొట్టం తీసేసి, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి నేనే సన్న గొట్టం పెట్టుకుని ఒంటేలు తీసుకోవడం నేర్పారు. ఒకసారికి అర లీటరు దాటకుండా చూసుకోవాలి, తాగే నీళ్ళకూ లెక్క ఉంటుంది. అక్కడి థెరపిస్టులకూ నర్సమ్మలకూ నా నమస్కారాలు. మా తమ్ముడికి కూడా పక్కన కూర్చోబెట్టి అన్నీ నేర్పారు.

అయితే పెళ్ళికి పోయినప్పుడు గొట్టం ఎక్కడ పెట్టుకోవాలి, బస్సు లేటయితే ఏం చెయ్యాలి, బంధువులు జాలిగా చూస్తుంటే ఏం మాట్లాడాలి, ఎండలో పెట్టిన కుర్చీ ఇనుము తొడకు తగిలితే ఎట్ట కాలుతుంది, ఇవన్నీ రోజూ ఆ బతుకు బతికే మనిషి దగ్గరే దొరుకుతాయి. డాక్టరూ కావాలి, అన్నా కావాలి. ప్రతి ఆసుపత్రిలో ఇంటికి పంపే ముందు ఇట్టాంటి మనిషి ఒకరు వచ్చి గంటసేపు కూర్చుంటే ఎన్ని పుండ్లు తప్పుతాయో. ఈ మాట నేను అడుగుతూనే ఉంటా.

మా మేస్త్రీ మామ సంగతి చెప్పాలి. గుమ్మం అడుగున్నర ఎత్తు. కుర్చీ ఎక్కడానికి వాలు ఆరడుగులు చాలన్నాడు, కట్టాడు. ఎక్కబోతే కుర్చీ ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. అన్నకు ఫోన్ చేస్తే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడుగు ఉండాలన్నాడు. అంటే పద్దెనిమిది అడుగులు. మామ మారు మాట్లాడకుండా కట్టింది పగలగొట్టి, గేదెల కొట్టం గోడ పక్కకు జరిపి, మధ్యలో మలుపు పెట్టి మళ్ళీ కట్టాడు. రెండోసారి కూలి తీసుకోలేదు.

దివ్యాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి స్లాటు దగ్గర్నుంచి పింఛను దాకా నాతో తిరిగిన మా ఊరి సచివాలయం చెల్లెమ్మకు కృతజ్ఞతలు. తెలియని వాళ్ళ కోసం రాస్తున్నా: ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు అయింది, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్ళకు 15,000. మీ ఇంట్లో అట్టాంటి వాళ్ళుంటే సచివాలయంలో అడగండి.

ఇప్పుడు నెలకో ఆదివారం అన్నా నేనూ కలిసి ఊళ్ళు తిరుగుతున్నాం. ఆశా అక్కలూ ఏఎన్ఎమ్మలూ ఫలానా ఇంట్లో ఉన్నారని చెబుతారు, మేం పోతాం. ఇప్పటికి తొమ్మిది ఇళ్ళు. ఒక పెద్దాయన స్పర్శ లేని కాలికి వేడి ఇటుకతో కాపడం పెట్టించుకుని అరికాలు కాల్చుకున్నాడు. ప్రేమతోనే పెట్టారు పాపం. చెప్పేవాళ్ళు లేక జరిగిందది.

వచ్చే ఆదివారం ఉదయగిరి అవతల ఒక పల్లెకు పోతున్నాం. కొట్టం కప్పుతూ పైనుంచి పడ్డ పిల్లాడు, ఇరవై ఏళ్ళు కూడా లేవు, ఆసుపత్రి నుంచి వచ్చి వారమే అయింది. నిన్న రాత్రి వాళ్ళమ్మతో ఫోన్‌లో మాట్లాడాను. రెండు గంటలకోసారి తిప్పమన్నాను. ఏమన్నా కొనాలా నాయనా అని అడిగింది. పిడి ఉన్న అద్దం ఒకటి కొనిపెట్టమ్మా, మిగతాది మేం వచ్చి చెబుతామన్నాను.