కరువు పనికి యాజమాన్యం సంతకం అడగలేదు, మంత్రి గారూ

తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారం.

పదకొండేళ్లు ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. 2020 మార్చిలో కరోనా వల్ల బడి మూతపడింది, ఏప్రిల్ నుంచి జీతం ఆగిపోయింది. మే నెలలో గ్రామ పంచాయతీకి వెళ్లి జాబ్ కార్డు అడిగాను. ఉపాధి హామీని మా ఊళ్లో ఇప్పటికీ కరువు పని అనే అంటారు. ఆధార్, పాసుబుక్ జిరాక్సులు తీసుకున్నారు, ఫొటో అంటించారు. ఇదివరకు ఎక్కడ చేశావు, ఎవరితో సంతకం పెట్టించావు అని ఎవరూ అడగలేదు. వారం తిరిగేసరికి చెరువు పూడిక పనికి పిలిచారు.

మొదటిరోజు మధ్యాహ్నానికే అరచేతులు బొబ్బలెక్కాయి. మా మేటు, అంటే కూలీల జట్టు పెద్ద, నా దగ్గర ఏడో తరగతి చదివిన పిల్లకు తల్లి. తువ్వాలు తడిపి నా చేతికి చుట్టి, "టీచరమ్మా, గడ్డపార మేం పట్టుకుంటాం, మీరు తట్ట అందియ్యండి చాలు" అంది. సాయంత్రం టేపు పెట్టి గుంత కొలిచేటప్పుడు పొడవు, వెడల్పు, లోతు గుణించి చెప్పే పని నాదే. ఆ ఏడాది రోజుకూలి 237 రూపాయలు. కొలతల లెక్కన మా చేతికి వచ్చింది అంతకన్నా తక్కువే. అయినా ఆ ఎండాకాలం మా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ డబ్బుతోనే.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ మూడు నెలల్లో దేశ ఉత్పత్తి అంతకు ముందు ఏడాదితో పోలిస్తే దాదాపు 24 శాతం పడిపోయింది. పని అడిగేవాళ్లు ఎంతగా పెరిగారంటే, బడ్జెట్లో ఉపాధి హామీకి 61,500 కోట్లు కేటాయించిన కేంద్రం ఇంకో 40,000 కోట్లు ఇవ్వాల్సి వచ్చింది. ఎందుకంటే, అడిగిన 15 రోజుల్లో పని చూపించాలి, లేదంటే భృతి ఇవ్వాలి అని అప్పటి ఉపాధి హామీ చట్టంలోనే ఉండేది.

2021 మార్చిలో బడులు మళ్లీ మూశారు. ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం గుర్తింపు ఉన్న ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల సన్నబియ్యం ప్రకటించింది. మంచి నిర్ణయం, ఎంతోమందిని ఆదుకుంది. నా పేరు పంపమని నేను బడికి ఫోన్ చేస్తే, "మేడం, రికార్డుల్లో మీ పేరు లేదు" అన్నారు. నా జీతం ఎప్పుడూ కవర్లో పెట్టి ఇచ్చేవారు. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వలేదు. నాతోపాటు చేసిన తెలుగు టీచరు తనకొచ్చిన బియ్యంలో ఐదు కిలోలు సంచిలో పోసి మా ఇంటికి తెచ్చిపెట్టింది. అది తీసుకునేటప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

ఈఎస్ఐలో, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమాలో, అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన అని 2018లో పెట్టారు. ఉద్యోగం పోయినవాళ్లకు 90 రోజుల వరకు భృతి. 2020లో దాన్ని జీతంలో నాలుగో వంతు నుంచి సగానికి పెంచారు. యజమాని ద్వారా కాకుండా కార్మికుడు నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చన్నారు. అంటే పని పోగొట్టినవాడి చుట్టూ తిరిగి సాయం తెచ్చుకోమనడం కుదరదని ప్రభుత్వానికీ తెలిసింది. కానీ ఈఎస్ఐ నంబరే లేని మాకు అది అందేదెలా? పది పన్నెండు వేల జీతానికి చెప్పే టీచర్లం, చట్టం ప్రకారం మేమూ దాని కిందికి రావాలి.

ఇప్పుడు వేరే బడిలో చెబుతున్నాను. ఇక్కడా జీతం కవర్లోనే.

మిమ్మల్ని కోరేది డబ్బు కాదు. విద్యాశాఖతో మాట్లాడి, బడి గుర్తింపు రెన్యువల్ చేసేటప్పుడే టీచర్లు, ఆయాలు, డ్రైవర్ల పేర్లు, ఈఎస్ఐ నంబర్లు, జీతం బ్యాంకులో వేసినట్టు రుజువు తీసుకోండి. ఆ జాబితా మండల విద్యాధికారి ఆఫీసులో గోడకు అంటించండి. పేరు లేనివాళ్లు పిల్లల నోటుబుక్కులు దిద్దిన సాక్ష్యంతోనో, తోటివాళ్ల మాటతోనో తమ పేరు తామే రాయించుకునే వీలు కల్పించండి. కష్టం వచ్చిపడ్డాక పేర్లు వెతికితే మాలాంటివాళ్లు ఎప్పుడూ దొరకరు.

జాబితా అంటించిన రోజే వచ్చి నా పేరు చూసుకుంటాను.

ఇట్లు,
ఒక ప్రైవేటు టీచరు,
నల్లగొండ జిల్లా