పరిష్కారం కాకుండానే 'పరిష్కారమైంది' అని మూసేసిన ఫిర్యాదు గురించి

కడప

కస్టమర్ కేర్ పెద్దలకు,

నమస్కారం. మీ పేరు పెట్టి రాయనందుకు ఏమీ అనుకోకండి. మీ పేరు ఏమిటని అడిగితే మీ వాళ్ళెవరూ చెప్పలేదు.

మీ దగ్గర తెప్పించిన ఎనిమిదించుల ఊఫర్ల (బేస్, అంటే కింది స్వరాలు పలికే స్పీకర్ల) జతలో ఒకటి తప్పు వచ్చింది. రెండూ 8 ఓమ్స్‌వి (ఓమ్స్ అంటే కరెంటుకు స్పీకరు ఇచ్చే అడ్డు కొలత) కావాలి, ఒకటి 4 ఓమ్స్‌ది వచ్చింది. అంతే సంగతి. దానికి నాకు కోపం రాలేదు. గోడౌన్‌లో ఎవరో ఒక అట్టపెట్టె బదులు ఇంకో అట్టపెట్టె తీసుంటారు. ఈ రెండు ముక్కలు మీ కంపెనీలో ఒక్క మనిషికి అర్థమయ్యేలా చెప్పబోయి నేను పడిన పాట్లకే ఈ ఉత్తరం.

మొదట ఫోన్ చేశాను. ఇంగ్లీషుకు ఒకటి నొక్కమన్నారు, హిందీకి రెండు. తెలుగుకు ఏ నంబరూ లేదు. తర్వాత పాట పెట్టారు. స్పీకర్లమ్మి బతికే కంపెనీ, జనానికి వినిపించే పాట అంత బొంగురుగా పెట్టుకుంటుందా అని నవ్వొచ్చింది. చాలాసేపటికి ఎవరో ఎత్తారు, నా హిందీ విని జాలిపడి ఒక తెలుగమ్మాయికి కలిపారు. పాపం, మర్యాదగానే మాట్లాడింది.

"సార్, మీ స్పీకర్ బ్లూటూత్ పేరు ఏమని చూపిస్తోంది?"

"అమ్మా, దానికి బ్లూటూత్ లేదు. అది ఉత్త ఊఫర్. పెట్టె కూడా లేదు, నేనే బిగించుకోవాలి."

"ఓకే సార్. చార్జింగ్ ఎంత శాతం ఉంది?"

చార్జింగ్ ఉండదని చెప్పాను. వెనక అయస్కాంతం, ముందు అట్ట కోన్, రెండు టెర్మినల్స్, ఇంకేమీ ఉండదన్నాను. "అయితే సార్, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అంది. ఆ పిల్లను నేనేమీ అనను. ఆమె ముందు ఏ కాగితం పెట్టారో అదే చదువుతోంది. ఊఫర్లు అమ్ముతూ, ఊఫరంటే ఏమిటో తెలియని పిల్లను నా మీదికి పంపిన వాళ్ళను అనాలి. టికెట్ నంబరు ఇచ్చింది. ఆ సాయంత్రమే మెసేజ్: మీ సమస్య పరిష్కారమైంది, 5 స్టార్లు ఇవ్వండి.

మళ్ళీ చేశాను. ఈసారి ఒక అబ్బాయి. ఫొటోలు పంపమన్నాడు, పంపాను. రెండింటి మీదా స్టిక్కరు 8 ఓమ్స్ అనే ఉంది కదా సార్, అంటే ప్రొడక్ట్ కరెక్టే అన్నాడు. స్టిక్కరు మీరంటించింది నాయనా, లోపల కాయిల్, అంటే తీగచుట్ట, వేరే ఉంది, మీటరు పెట్టి చూశాను, ఒకటి 6 దగ్గర చూపిస్తోంది, రెండోది 3 దాటి కొంచెమే చూపిస్తోంది అన్నాను. వెంటనే టెక్నికల్ టీమ్‌కు కలిపాడు. హమ్మయ్య అనుకున్నాను. ఆ టెక్నికల్ పెద్దమనిషి అంతా విని, "సార్, మొదటిది కూడా 8 చూపించట్లేదు కదా, అంటే రెండూ ఒకటే, తేడా లేదు" అని తేల్చాడు.

అయ్యా, 8 ఓమ్స్ ఊఫరు కాయిల్‌ను మామూలు మల్టీమీటరుతో కొలిస్తే సుమారు 6 చూపిస్తుంది. మీటరు కొలిచేది డీసీ రెసిస్టెన్స్, అంటే ఒకే దిక్కున పోయే కరెంటుకు కాయిల్ ఇచ్చే అడ్డు. పాట వచ్చేటప్పుడు, అటూ ఇటూ మారే కరెంటుకు ఉండే అడ్డు, అంటే ఇంపిడెన్స్, దానికంటే ఎక్కువ, అదీ స్వరాన్ని బట్టి మారుతూ ఉంటుంది. 4 ఓమ్స్‌ది 3 చిల్లర చూపిస్తుంది. రేడియో రిపేరు నేర్చుకునే కుర్రాడికి మొదటి వారంలో చెప్పే ముక్క ఇది. మీ టెక్నికల్ టీమ్‌కు నేను కడప నుంచి, నా ఫోన్ బిల్లుతో చెప్పాల్సి వచ్చింది. చెప్పాక లైను కట్ అయింది.

ఆ పైన కొరియర్ భాగోతం. వాపసు తీసుకుంటామని ఒక మెయిల్ వచ్చింది. మరునాడు, మీ పిన్‌కోడ్‌కు రిటర్న్ పికప్ సౌకర్యం లేదని ఇంకో మెయిల్. కడపకు సరుకు పంపడానికి దొరికిన దారి కడప నుంచి తీసుకెళ్ళడానికి దొరకలేదట. నేను గట్టిగా రాస్తే సౌకర్యం వచ్చింది. ఊఫర్‌ను థర్మాకోల్‌లో పెట్టి, కోన్‌కు దెబ్బ తగలకుండా అట్ట కట్టి, వరండాలో పెట్టుకుని కూర్చున్నాను. కుర్రాడు వచ్చాడు, ఫోన్‌లో చూశాడు, "సార్, యాప్‌లో బ్లూటూత్ స్పీకర్ అని ఉంది, ఇది వేరే వస్తువు, తీసుకోకూడదు" అని వెళ్ళిపోయాడు. అతను వీధి మలుపు కూడా తిరగలేదు, మెసేజ్ వచ్చింది: కస్టమర్ ఇంట్లో లేనందున పికప్ రద్దయింది. నేను వరండాలోనే ఉన్నాను, చేతిలో పెట్టెతో.

1954లో ఎడ్గార్ విల్చర్ అనే ఆయన గాలి చొరబడకుండా మూసేసిన పెట్టెలో స్పీకరు బిగించి, లోపలి గాలినే స్ప్రింగులా వాడి, చిన్న పెట్టెలోంచి కూడా నిండు బేస్ రప్పించాడు. మీ కస్టమర్ కేర్‌ను కూడా అలాగే మూసిపెట్టారు. ఎంత గట్టిగా మాట్లాడినా బయటికి వచ్చేది మాత్రం గాలే.

ఇంత చిన్నదానికి ఇంత గొడవ ఎందుకని మీకనిపించవచ్చు. ఈ పెట్టెలు మా మామగారివి, 1970లలో కొన్నవి. టేకు పెట్టెలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఊఫర్ల అంచు ఫోమ్ మాత్రం వేలు తగిలితే నల్లటి జిగురు పొడిగా రాలింది. ఎండకూ తేమకూ ఆ ఫోమ్ అంతే. మధ్యలో టోపీ ఊడదీసి, కాయిల్ చుట్టూ సన్నటి ఫిల్మ్ ముక్కలు దోపి నిలబెట్టి, కొత్త ఫోమ్ అంటించాను. అయినా ఒకదాని కాయిల్ కాలిపోయి ఉంది, అందుకే కొత్త జత తెప్పించాను. క్రాసోవర్‌లో (కింది స్వరాలను ఊఫర్‌కూ పై స్వరాలను ట్వీటర్‌కూ విడదీసి పంపే సర్క్యూట్‌లో) కెపాసిటర్లు మార్చడం, ట్వీటర్లు, అంటే పై స్వరాలు పలికే చిన్న స్పీకర్లు, తుడిచి బిగించడం అన్నీ అయిపోయాయి. ఇప్పుడు ఎడమ పెట్టె 8, కుడి పెట్టె 4. క్రాసోవర్ కట్టింది 8 ఓమ్స్ లెక్కన. 4 ఓమ్స్‌ది తగిలిస్తే క్రాసోవర్‌లో ఉన్న అదే కాయిల్ ఇంకా కింది స్వరం దగ్గరే కోసేస్తుంది. పాడే మనిషి గొంతు ఉండాల్సిన చోట కుడివైపు గుంత పడుతుంది. మామ రోజూ అడుగుతున్నాడు: "ఏమప్పా, మీ కంపెనీ వాళ్ళు పలికినారా?" పలికినారు మామా, ఛార్జింగ్ పెట్టమన్నారు అని ఎట్లా చెప్పేది?

మీ వెబ్‌సైట్ మొదటి పేజీలో బీబీసీ వారి ఎల్‌ఎస్3/5ఏ బొమ్మ పెట్టుకున్నారు. ప్రసార వ్యాన్లలో కూర్చుని శబ్దాన్ని సరిచూసుకోవడానికి 1970లలో తయారు చేయించుకున్న స్పీకరు అది. విన్నది నిజమా కాదా తేల్చుకోవడానికి. దాని కిందే మీ హెల్ప్‌లైన్ నంబరు! ఆ బొమ్మనైనా తీసేయండి.

మీరు చెన్నై రిచీ స్ట్రీట్‌లో మెట్ల కింద ఇరుకు కొట్టు పెట్టుకున్నప్పటి నుంచి నేను మీ కస్టమర్‌ని. కడపలో రైలెక్కి వచ్చి కొనుక్కుపోయేవాణ్ణి. అప్పటి పెద్దాయన జత అడిగితే రెండింటికీ నా ఎదురుగానే మీటరు పెట్టి చూపించేవాడు. కోన్‌ను వేలితో మెల్లగా లోపలికి నొక్కి, కాయిల్ ఎక్కడా రాసుకోవడం లేదని చెవి దగ్గర పెట్టి వినిపించి, అప్పుడు కాగితంలో చుట్టేవాడు. ప్రొద్దుటూరు, రాయచోటి నుంచి నన్ను అడిగిన వాళ్ళందరికీ మీ పేరే చెప్పాను. ఇప్పుడు మీకు ఆఫీసు ఉంది, యాప్ ఉంది, "హాయ్! నేను మీ సౌండ్ ఫ్రెండ్‌ని" అని పలకరించే వాట్సాప్ బొమ్మ ఉంది. దానిలో ఉన్న ఆప్షన్లు ఆర్డర్, ఆఫర్, సౌండ్‌బార్. తప్పు సరుకు వచ్చిందని చెప్పడానికి ఆప్షనే లేదు. చివరికి నా బాధ చూసి 200 రూపాయల కూపన్ పంపారు. అదీ సౌండ్‌బార్ కొంటేనే.

ఆ కూపన్ మీ దగ్గరే ఉంచుకోండి. మీటరు పట్టడం వచ్చిన ఒక్క మనిషి చేత కొలిపించి, నా దగ్గరున్న 8 ఓమ్స్‌దానికి సరిజోడు పంపండి, లేదా జత మొత్తం డబ్బు వెనక్కివ్వండి, ఏదో ఒకటి తేల్చండి. ముందు ఒక మనిషి ఫోన్ చేయాలి, యంత్రం కాదు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే మీకు గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. మీ ఆఫీసర్ ఎవరో, ఉన్నారో లేరో కూడా నాకు తెలియదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించబోతున్నాను. దానికీ పలక్కపోతే కడప జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక కొన్నవాడు తన ఊళ్ళోనే కేసు వేసుకోవచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. అప్పుడు మీ వకీలు కడపకు రావాలి. వచ్చినప్పుడు బ్లూటూత్ పేరు అడగొద్దని ముందే చెప్పి పంపండి. ఊఫరు ధర మాత్రమే కాదు, నా పని చెడగొట్టినందుకు పరిహారం కూడా అడుగుతాను. నోటితో చెప్పి చెప్పి అలసిపోయాను కాబట్టి అంతా కాగితం మీదే మాట్లాడతాను.

బిల్లు, మీటరు ఫొటోలు, నేను ఇంట్లో లేనని మీరు పంపిన మెసేజ్ కాపీలు జత చేస్తున్నాను. తప్పు ఊఫరు కావాలంటే మీ మనిషినే పంపించుకోండి. అట్ట, థర్మాకోల్ తెచ్చుకోమనండి, నేను మళ్ళీ ప్యాక్ చేయను.

ఇట్లు,
మీ పాత కస్టమరు