క్యారెక్టర్ చచ్చిపోతే పోనీ, గుంటడి సాయంత్రం మాటేటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది పర్లాకిమిడి. పాతపట్నం దాటితే మేమే, జిల్లా ఒడిశాది అయినా పొద్దున్న టీతో పాటు తెలుగు పేపర్ లేకపోతే మా ఇంట్లో ఎవరికీ తోచదు. పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒక తల్లి రాసింది చదివాను, వాళ్ళబ్బాయి ఫ్రెండ్స్‌తో కూర్చుని డైస్ వేసుకుంటూ కథ చెప్పుకునే ఆటేదో ఆడుతున్నాడంట, అందులో వాడి క్యారెక్టర్ చచ్చిపోయిందని రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదంట, ఇలాంటివి బ్యాన్ చేసెయ్యాలని ఆవిడ కోపం. అమ్మా, మీ కోపం నాకు అర్థమైంది, ఎందుకంటే అచ్చం అలాగే ఒక గుంటడిని ఏడిపించింది నేనే.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. వీటిని టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్స్ అంటారు, 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు, అక్కడి నుంచి ఈ పిచ్చి మొదలు. ఒకడు గేమ్ మాస్టర్, వాడు కథ నడుపుతాడు, మిగతావాళ్ళు తలో క్యారెక్టర్ తీసుకుని నేనిలా చేస్తా అంటారు, అయ్యిందో లేదో పాచిక చెప్తుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి మాకు కరెంటు లేనప్పుడు కొవ్వొత్తి పెట్టుకుని మొదలెట్టాం, పిల్లలకి టీవీ లేదు ఫోన్ లేదు, ఇంకేం చేస్తారు.

కథ మహేంద్రగిరి మీద పెట్టాను. భీముడి గుడి, కుంతి గుడి అక్కడే ఉన్నాయి కదా, వాటి వెనక నేను ఒక గుహ కల్పించాను. (చావే లేని పరశురాముడు తపస్సు చేసుకుంటాడని చెప్పుకునే కొండ అది, దాని కింద కూర్చుని చావు రూల్స్ రాయడం నాకే నవ్వొస్తుంది.) మా అక్క కొడుకు వాడి క్యారెక్టర్ గురించి నోట్‌బుక్‌లో రెండు పేజీలు రాసుకొచ్చాడు, కొమ్ముబొమ్మలు చెక్కే ఇంటి కుర్రాడు, వాళ్ళ తాత ఇచ్చిన విల్లు, అదీ ఇదీ. ఆట మొదలైన ఇరవై నిమిషాలకి గుహలో కాలు పెట్టాడు, నేల కూలింది, ఇరవై ముఖాల పాచిక మీద పదిహేనో ఆ పైనో పడాలి అన్నాను, ఏడు పడింది. అయిపోయింది. పక్కనున్న మా ఒడియా ఫ్రెండు "మరిగలా" (చచ్చిపోయాడు) అని నవ్వాడు. గుంటడు రాత్రి పదింటి దాకా గోడకి ఆనుకుని కూర్చుని మిగతావాళ్ళు ఆడుతుంటే చూశాడు, మర్నాటి నుంచి రాలేదు.

నేను చేసిన తప్పు ఏటో నాకు చాలా రోజులు తెలీలేదు. చావు పెట్టడం తప్పనుకున్నాను. కాదు. వైకుంఠపాళి చూడండి, పెద్ద పాము మింగితే కిందకి జారిపోతాం, ఎవడూ అన్యాయం అనడు, ఎందుకంటే ఆ పాము పడగ ముందు నుంచీ బోర్డు మీద కనపడుతూనే ఉంది. నా గుహలో పాము కనపడలేదు. నేల బోలుగా మోగుతోందనో, పక్కన పాత ఎముకలున్నాయనో ఒక్క మాట చెప్పి ఉంటే వాడు ఆగేవాడో ఆగకుండా దూకేవాడో, ఏదైనా వాడి ఇష్టమయ్యేది.

రెండోది కబడ్డీ. ఔటైనవాడు కోర్టు బయట కూర్చుంటాడు కానీ వాడి కళ్ళు లోపలే ఉంటాయి, ఎందుకంటే మనవాడు అవతల ఒకడిని పడగొడితే వీడు బతికి లోపలికి వస్తాడు. కూర్చున్నవాడికి కూడా ఆట ఉంది. మా గుంటడికి నేను అది కూడా లేకుండా చేశాను.

2014లో వచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్‌లో ఈ సంగతి బాగా పట్టుకున్నారు అనిపిస్తుంది నాకు. క్యారెక్టర్ ప్రాణం పాయింట్లు సున్నాకి వస్తే వెంటనే చావు లేదు, స్పృహ తప్పుతుంది, తన వంతు వచ్చినప్పుడల్లా ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి, పది ఆ పైన పడితే మంచి, తక్కువ పడితే చెడు, ముందు మూడు మంచిలు పడితే ప్రాణం నిలుస్తుంది, ముందు మూడు చెడులు పడితే చావే. ఒకటి పడితే రెండు చెడులు కింద లెక్క, ఇరవై పడితే ఒక్క ప్రాణం పాయింటుతో లేచి కూర్చుంటాడు. ఎవరూ ముట్టుకోకుండా వదిలేస్తే వందకి నలభై సార్లు చస్తాడు, తక్కువేం కాదు. కానీ ఆ కొద్ది వంతుల్లో పక్కవాడు రాక్షసుడిని వదిలి వీడి దగ్గరకి పరిగెత్తాలా వద్దా అని టేబుల్ అంతా కొట్టుకుంటారు చూడండి, అప్పటిదాకా ఒకడి చావు కాస్తా అందరి గొడవ అయిపోతుంది. నాకైతే ఆ రూల్ మొత్తంలో నచ్చింది అదే.

చచ్చాక వేసే పెనాల్టీ దగ్గర మాత్రం చాలామంది పెద్దమనుషులే తప్పులో కాలేశారు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో చచ్చినవాడిని మంత్రంతో లేపితే ఒక లెవెల్ (క్యారెక్టర్ బలాన్ని కొలిచే మెట్టు) పోయేది, అప్పుడు ఏమవుతుంది, మిగతావాళ్ళు ముందుకెళ్తారు వీడు వెనక పడతాడు, వెనక పడ్డాడు కాబట్టి మళ్ళీ వీడే ముందు చస్తాడు. అయిదో ఎడిషన్‌లో నిమిషం లోపు లేపాలంటే 300 బంగారు నాణేల వజ్రం కావాలి, ఇది నయమే కానీ డబ్బున్న జట్టుకి భయం పోతుంది. 1984లో వచ్చిన పారనోయా అనే ఇంకో గేమ్ అయితే ఒక్కొక్కరికి ఆరు క్లోన్లు ఇచ్చి చావునే జోక్ చేసేసింది, 1977 నాటి మరో గేమ్ ట్రావెలర్‌లో ఆట మొదలవకుండానే, క్యారెక్టర్ తయారు చేసుకుంటుండగానే చచ్చిపోవచ్చు! అవి ఆడేవాళ్ళకి ముందే తెలుసు కాబట్టి గొడవ లేదు. మా టేబుల్ మీద ఇప్పుడు లెవెల్ కోత లేదు, కథలో దెబ్బ ఉంది, లేచినవాడికి ఒక చెయ్యి సరిగ్గా ఆడకపోవచ్చు, ఊళ్ళో అప్పు మిగలొచ్చు. కొత్త క్యారెక్టర్ కావాలంటే మిగతావాళ్ళ లెవెల్‌లోనే, అదే రాత్రి. అప్పటిదాకా చచ్చినవాడి చేతికి రాక్షసుల పాచికలు ఇచ్చేస్తాను, మావాళ్ళు ఎంత కసిగా వేస్తారో చెప్పలేను.

ఇంకో తప్పు కూడా ఒప్పేసుకుంటాను. ఆ దెబ్బకి భయపడి తర్వాత మా చెల్లి కూతురి క్యారెక్టర్ చచ్చిపోయేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టి పాచిక అబద్ధం చెప్పాను. అది చూసేసింది. "మావయ్యా, నువ్వు మార్చీసేవు కదా, అయితే ఇందాక నేను గెలిచింది కూడా నువ్వే ఇచ్చీసేవా?" అంది. ఇప్పటికీ నా దగ్గర సమాధానం లేదు. అప్పటి నుంచి పాచిక అందరి ముందే వేస్తున్నాను.

కాబట్టి ఆ తల్లి గారికి నేను చెప్పేది, ఆట మాన్పించే ముందు మీ అబ్బాయిని ఒకసారి అడగండి, చచ్చాక ఎంతసేపు ఊరికే కూర్చున్నావు అని. చాలాసేపు అన్నాడంటే ఆ గేమ్ మాస్టర్ కుర్రాడిని ఇంటికి పిలిచి టీ ఇచ్చి ఈ ఉత్తరం చూపించండి.

మా అక్క కొడుకు అయిదు నెలల తర్వాత వచ్చాడు. కొత్త క్యారెక్టర్ చచ్చినవాడి చెల్లెలంట, అన్న విల్లు వెతుక్కుంటూ వచ్చిందంట. గుహ ముందు ఆగి నా మొహం కేసి చూసి, "ఇక్కడ నేల ఎలాగుంది మావయ్యా?" అన్నాడు.

ఇట్లు,
మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా